ఇరవయ్యారో తారీఖు దాకా

శ్రీముఖలింగం
19 ఫిబ్రవరి 2018

ఒసే ఝాన్సీ,

ఈ దళసరి కాగితం చేతికి తగలగానే ఉలిక్కిపడి ఉంటావు. హాస్టలు వదిలిన ఈ ఆరేళ్ళలో నేను నీకు బ్రెయిలీలో ఒక్క ముక్క రాయలేదు. రోజూ ఫోను ఉండగా ఎవరు రాస్తారు? ఇప్పుడు ఆ ఫోనే లేదు. అటక మీద నుంచి స్లేటు, స్టైలస్ దింపించుకుని చుక్కలు పొడుస్తున్నాను. వేళ్ళు నొప్పెడుతున్నాయి.

సంగతి ఏమిటంటే, నా సిమ్ము కంపెనీ మూతపడుతోంది. మా ఊరి టవరు గురువారం నుంచి ఆగిపోయింది. నువ్విచ్చిన బటన్ల ఫోను మాత్రం బాగానే ఉంది. ఏ మీట నొక్కినా దాని పేరు చెబుతుంది, పాత మెసేజీలన్నీ చదివి వినిపిస్తుంది. బయటికి మాత్రం పోదు. నొక్కినప్పుడల్లా "నో సర్వీస్" అంటుంది. అన్నయ్యదీ అదే కంపెనీ.

నా భయం వేరే. పదో తారీఖున రామతీర్థం రోడ్డులోని మిషనరీ వాళ్ళ అంధ బాలికల బడిలో మనిద్దరం ఇంటర్వ్యూకి కూర్చున్నాం కదా. బ్రెయిలీ టీచరు పోస్టు ఒక్కటే. ఫలితం మార్చిలో ఫోను చేసి చెబుతామన్నారు హెడ్మిస్ట్రెస్ పరంజ్యోతి మేడమ్. నేను దరఖాస్తులో రాసిచ్చింది ఈ నెంబరే. అక్కడి గుమాస్తా థామస్ గారి నెంబరు నీ దగ్గరుంది. ఒక్కసారి ఆయనకి ఫోను చేసి, నీలవేణి ఫోను పని చెయ్యడం లేదు, ఫలానా ఊళ్ళో ఉంది అని చెప్పవా?

ఉగాది వెళ్ళాక అన్నయ్య చెన్నై పోతాడు, టైల్స్ పనికి. నన్ను పాతపట్నంలో అత్త ఇంట్లో దింపుతాడట. అక్కడికి వెళ్తే మళ్ళీ బయటపడనని నా లోపల ఎవరో చెబుతున్నారు. ఈ పోస్టు మీద ఎంత ఆశ పెట్టుకున్నానో నీకు తప్ప ఎవరికీ తెలియదు.

నీ నీలవేణి

*

రాజాం
25 ఫిబ్రవరి 2018

నీలూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నీ చుక్కలు ఇప్పటికీ కాగితం చిరిగేలా ఉంటాయే. లెక్కల టీచరు తిట్టేది గుర్తుందా?

ముందు ఫోను సంగతి. కంగారు పడకు. నెంబరు పోదు, కంపెనీ మార్చుకోవచ్చు. పోర్ట్ అని రాసి, నీ నెంబరు కొట్టి, 1900కి మెసేజీ పంపితే ఒక కోడ్ వస్తుంది. ఆ కోడ్ పట్టుకెళ్ళి వేరే కంపెనీ సిమ్ము తీసుకోవాలి. మీ ఊళ్ళో సిగ్నల్ లేదు కాబట్టి ఆ మెసేజీ వెళ్ళదు. ఆ కంపెనీ టవరు ఇంకా బతికున్న ఊరికి నీ ఫోను పట్టుకుని వెళ్ళాలి. నరసన్నపేటలోనో శ్రీకాకుళంలోనో ఉండొచ్చు. అవీ ఆపేసేలోపు వెళ్ళు.

ఇంకొకటి. కొత్తగా వచ్చిన కంపెనీ సిమ్ము తీసుకోకు. దానికి ఫోర్‌జీ ఫోనే ఉండాలి, మన పాత ఫోన్లలో అది పలకదు. టూజీ సిగ్నల్ ఇచ్చే కంపెనీదే అడుగు.

మా ఆసుపత్రిలో నేను కూర్చునే టెలిఫోను ఎక్స్ఛేంజి తీసేస్తున్నారు. ఇకమీద ఫోను చేసినవాళ్ళకి రికార్డు గొంతు వినిపిస్తుందట. ఎముకలకి ఒకటి నొక్కండి, పిల్లలకి రెండు నొక్కండి అని. అయిదేళ్ళుగా అక్కడ పలికిన గొంతు నాది. మార్చి ముప్ఫై ఒకటి దాకా రమ్మన్నారు. అమ్మతో ఇంకా గట్టిగా చెప్పలేదు.

థామస్ గారికి తప్పకుండా చెబుతాను. ఒక్క పోస్టుకి ఇద్దరం పోటీ పడడం నాకూ చిత్రంగానే ఉంది. ఎవరికి వచ్చినా మొదటి జీతంతో రెండోవాళ్ళకి చీర. సరేనా?

నీ ఝాన్సీ

*

శ్రీముఖలింగం
5 మార్చి 2018

ఒసే ఝాన్సీ,

నీ ఉత్తరం ఒక్క రోజు ముందు వచ్చి ఉంటే బాగుండేది. అన్నయ్య అప్పటికే ఆ కొత్త కంపెనీ సిమ్ములు రెండు తెచ్చేశాడు. నా పాత ఫోనులో పెడితే పట్టనే లేదు. గోరంత సిమ్ము, లోపల వదులుగా ఆడింది. నరసన్నపేటలో జోగయ్య అని ఫోన్ల షాపాయన ఉన్నాడు. ఆయన దానికి చట్రం తగిలించి పెట్టాడు. అయినా "నో సర్వీస్".

"ఇది దీన్లో పని సెయ్యదమ్మా. ఫోర్‌జీ ఫోనుండాల," అన్నాడు.

"బటన్లున్న ఫోర్‌జీ ఫోను లేదా?" అని అడిగాను.

ఒకటి ఇచ్చాడు. బటన్లు ఉన్నాయి, సిగ్నల్ ఉంది. గొంతు లేదు. ఎవరు చేస్తున్నారో చెప్పదు, మెసేజీ వస్తే టింగుమంటుంది, అంతే. "మాట్లాడే ఫోను కావాలండీ" అన్నాను. "ఫోనన్నాక మాటాడదేటమ్మా?" అని నవ్వాడు. పక్కనున్న వాళ్ళూ నవ్వారు. ఆ ఫోను ఆయన చేతిలోనే పెట్టి వచ్చేశాను.

అన్నయ్య తనకి టచ్ ఫోను కొనుక్కున్నాడు. నువ్వు ఎప్పుడో చెప్పావు కదా, సెట్టింగ్స్‌లో టాక్‌బ్యాక్ అని ఉంటుందని. అన్నయ్య చేత అది వెతికించి పెట్టించాను. ఫోను మాట్లాడడం మొదలెట్టింది. ఒక వేలితో తడిమితే పేరు చెబుతుంది, రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. అన్నయ్యకి అది తెలియక ఎప్పటిలాగే ఒక్కసారి నొక్కి, "ఏటే ఇది, నా ఫోను పాడు సేసినావు! ముట్టుకుంటే సాలు అరుస్తన్నాది!" అని కేకలు. తీసేయమన్నాడు. తీయడం కూడా నేనే చెయ్యాల్సి వచ్చింది.

ఆ ఫోను పొద్దున్నే అన్నయ్యతో పనికి పోతుంది. ఇంటికొచ్చాక మా వీధిలో దానికీ సిగ్నల్ ఉండదు. వంశధార గట్టు మీదకి వెళ్ళాలి. వెళ్ళినా అన్నయ్య పక్కన నిలబడితే నీతో ఏం మాట్లాడగలను? అందుకే ఈ ఉత్తరం.

అన్నయ్యకి పని లేని రోజు చూసి శ్రీకాకుళం వెళ్ళి ఆ కోడ్ కోసం ప్రయత్నిస్తాం. థామస్ గారికి చెప్పావా? ఏమన్నారు? ఈ ఒక్కదానికీ వెంటనే జవాబు రాయి.

నీ నీలవేణి

*

రాజాం
13 మార్చి 2018

నీలూ,

ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైంది. ఆసుపత్రిలో కొత్త మిషను బిగించేవాళ్ళు వచ్చారు, ఏ వైరు ఎక్కడికి పోతుందో నన్నే అడుగుతున్నారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు ఎక్కువయ్యాయి.

థామస్ గారు దొరకలేదు. బడి నుంచి నాకేమీ తెలియలేదు. ఇలాంటివి ఆలస్యమవుతూనే ఉంటాయి. నువ్వు దాని మీదే మనసు పెట్టుకుని కూర్చోకు.

అత్త వాళ్ళ ఊరు కూడా మరీ అంత చెడ్డదేమీ కాదేమో.

ఝాన్సీ

*

శ్రీముఖలింగం
17 మార్చి 2018

ఝాన్సీకి,

ఉత్తరం అందింది. మీ అమ్మగారి మోకాళ్ళకి ఎవరికైనా చూపించు.

నా ఫోను ఇంకా పని చెయ్యడం లేదు. రేపు ఉగాది. వారం తిరిగేసరికి అన్నయ్య చెన్నై రైలెక్కుతాడు.

బడి నుంచి నీకు ఏ కబురూ రాలేదా? థామస్ గారు నీతో అసలు మాట్లాడలేదా? తెలిస్తే తెలిసినట్టు రాయి. తెలియకపోతే తెలియలేదని రాయి.

నీలవేణి

*

రాజాం
21 మార్చి 2018

నీలూ,

ఈ ఉత్తరం చేతికందిన వెంటనే, చదవడం పూర్తయ్యేదాకా కూడా ఆగకుండా, మీ అన్నయ్యని తీసుకుని రామతీర్థం రోడ్డు బడికి వెళ్ళు. పోస్టు నీకే వచ్చింది. ఇరవయ్యారో తారీఖు సోమవారంలోపు నువ్వు కనిపించకపోతే రెండో మనిషికి ఇచ్చేస్తారు. ఆ రెండో మనిషిని నేను.

ఇప్పుడు మిగతాది రాస్తాను.

మార్చి తొమ్మిదిన థామస్ గారు ఫోను చేశారు. నేను డ్యూటీలో ఉన్నాను. "అమ్మా, మొదటి పేరు నీలవేణి, రెండోది మీరు. ఆ అమ్మాయి నెంబరు పలకట్లేదు. దరఖాస్తుకి పెట్టిన సర్టిఫికెట్లలో ఉన్న అడ్రసు పాత హాస్టలుది, అక్కడికి రాస్తే ఉత్తరం తిరిగొచ్చినాది. మీరిద్దరూ ఒకే బడి కదా. ఆవిడ ఎక్కడుంటాదో మీకేటైనా తెలుసా?" అన్నారు.

నా బల్ల సొరుగులో అప్పుడు నీ ఉత్తరాలు రెండూ ఉన్నాయి.

"తెలీదండీ, చదువయ్యాక మాటల్లేవు," అన్నాను.

ముందే ఆలోచించి పెట్టుకున్న అబద్ధం కాదు, నీలూ. నువ్వు చెప్పమన్న కబురు చెప్పకుండా రెండు వారాలు ఊరుకున్నది మాత్రం బద్ధకం కాదు. ఇవాళ చేద్దాం, రేపు చేద్దాం అనుకుంటూ, లోపల ఎక్కడో చెయ్యకుండా ఉంటే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన అడిగేసరికి ఆ అనుకున్నదే నోట్లోంచి వచ్చేసింది. "అయితే ఇరవయ్యారు దాకా సూస్తామమ్మా, రాకపోతే మీరు సిద్ధంగా ఉండండి," అని పెట్టేశారు. ఆ మర్నాడు నీ నెంబరుకి చేశాను. పలకలేదు. పలకలేదని నాకు ఊపిరి తేలికైంది. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను.

అమ్మతో చెప్పాను. అమ్మ ఏమందంటే, "నువ్వేటి దొంగతనం సేసినావా? ఆ పిల్ల ఫోను పని సెయ్యకపోతే నీదా తప్పు? ఆ దేవుడు సూపించిన దారది. నోరు మూసుకోని ఉండు." నాలుగు రోజులు ఆ మాటని పట్టుకుని బతికాను. ముప్ఫై ఒకటి తరవాత ఇంటద్దె ఎలాగా అని అమ్మ భయం. నా భయమూ అదే.

నిన్న నీ ఉత్తరం వచ్చింది. నీ ఉత్తరాలన్నీ నాలుగేసి కాగితాలు ఉండేవి, ఇది పది వరుసలు కూడా లేదు. "తెలిస్తే తెలిసినట్టు రాయి" అన్న దగ్గర వేలు ఆగిపోయింది. పాతపట్నం వెళ్తే మళ్ళీ బయటపడనని నువ్వు మొదటి ఉత్తరంలో రాశావు. నేను నీకు ఆ ఊరు అంత చెడ్డది కాదని రాశాను. నిన్న రాత్రి అన్నం ముందు కూర్చుని అది తలుచుకుని, తినకుండానే లేచాను.

థామస్ గారికి ఫోను చేసి అబద్ధమాడానని చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. అందుకని ముందు నీకు రాస్తున్నాను. ఇవాళ పొద్దున్నే నా చేత్తో తపాలా ఆఫీసులో ఇచ్చి డ్యూటీకి వెళ్తాను. శనివారం సెలవు పెట్టాను. ఆ రోజు నేనే బడికి వెళ్ళి పరంజ్యోతి మేడమ్ ఎదురుగా చెబుతాను.

క్షమించమని అడగను. సోమవారంలోపు వెళ్ళు.

ఝాన్సీ

*

రాజాం
24 మార్చి 2018, శనివారం

నీలవేణికి,

ఇవాళ బడికి వెళ్ళాను. విజయనగరంలో బస్సు మారి, ఒక్కదాన్నే. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు లోపల వల్లించుకుంటూనే ఉన్నాను. పరంజ్యోతి మేడమ్ గదిలో నిలబడే అంతా చెప్పాను. ఆవిడ చివరిదాకా విన్నారు.

"కూర్చోమ్మా," అన్నారు. "ఆ అమ్మాయి పదిహేనో తారీకునే దొరికింది. థామస్ మళ్ళీ ఓసారి సేసి సూస్తే ఆ నెంబరే పలికింది. ఉద్యోగానికి ఒప్పుకుంది. ఈస్టరు మర్నాడు సేరుతుంది."

"నేను తెలీదన్నానని ఆమెకి..."

"థామస్ అప్పుడే సెప్పాడు. ఉద్యోగం వచ్చిందన్న మాట ఆ పిల్లకి రెండుసార్లు సెప్పాల్సొచ్చిందంట."

పదిహేనో తారీఖు. నువ్వు నాకు "నా ఫోను ఇంకా పని చెయ్యడం లేదు" అని రాసింది పదిహేడున. ఇంటికొచ్చి ఆ కాగితం మళ్ళీ తీసి చదివాను. నీ వేళ్ళు ఎలా ఆడాయే ఆ వరుస మీద? నువ్వు నన్ను అడగలేదు, తూచావు. కూర్చుని, వల వేసి, నేను ఎంతసేపటికి పడతానా అని చూశావు.

నీ మీద కోపం తెచ్చుకునే హక్కు నాకు లేదని తెలుసు. తెలిసీ కోపంగానే ఉంది. నేను ఇరవై ఒకటిన రాసిన ఉత్తరం ఈపాటికి అందే ఉంటుంది. అది చదివి నవ్వుకున్నావా? దొరికిపోయాక రాసిందని అనుకున్నావా?

నీకు ఉద్యోగం ఉంది. ఇక నా ఉత్తరాలతో పని లేదు.

ఝాన్సీ

*

రామతీర్థం రోడ్డు, విజయనగరం జిల్లా
8 ఏప్రిల్ 2018

ఝాన్సీ,

బడిలో చేరి వారమైంది. ఇన్నాళ్ళూ జవాబు రాయకపోవడానికి పని ఒక కారణం. అది చిన్న కారణం.

నువ్వడిగినవి అన్నీ వరసగా రాస్తాను, నేను దాచినవి కూడా.

మార్చి పదిన అన్నయ్యతో శ్రీకాకుళం వెళ్ళాను. బస్టాండు నుంచి నడుస్తూ ఫోను చెవి దగ్గరే పట్టుకున్నాను. "నో సర్వీస్, నో సర్వీస్" అంటూనే ఉంది. డే అండ్ నైట్ కూడలి దాటి ఒక మందుల షాపు ముందుకి వచ్చేసరికి కంపెనీ పేరు చెప్పింది. "ఆగన్నయ్యా, ఇక్కడే!" అని అరిచాను. అన్నయ్య ఆగాడు. అడుగు ఇటు వేస్తే సిగ్నల్ పోతుంది, అటు వేస్తే వస్తుంది. అక్కడే నిలబడి మెసేజీ కొట్టాను. నాలుగుసార్లు వెళ్ళలేదు. అయిదోసారి వెళ్ళింది. పావుగంటకి టింగుమంది. నువ్విచ్చిన ఫోను ఆ కోడ్‌ని ఒక్కో అక్షరం, ఒక్కో అంకె పలికి చెబుతుంటే, సంచీలోంచి స్లేటు తీసి ఆ షాపు మెట్టు మీద కూర్చునే పొడుచుకున్నాను. అన్నయ్య ఒక్కటి కూడా చదివి చెప్పాల్సిన అవసరం రాలేదు. "ఇన్నాళ్ళూ నానే నీకు కళ్ళనుకున్నాను గదే," అన్నాడు. ఏడుస్తున్నాడేమో అని ముఖం తడిమి చూశాను. ఏడుస్తున్నాడు.

నువ్వు చెప్పినట్టే టూజీ ఉన్న కంపెనీ సిమ్ము తీసుకున్నాం. పద్నాలుగో తారీఖు సాయంత్రానికి అదే నెంబరుతో, అదే ఫోనులో, గట్టు మీద సిగ్నల్ వచ్చింది. ముందు నీకే చేద్దామనుకున్నాను. నువ్వు డ్యూటీలో ఉంటావని, మర్నాడు చేద్దామని ఆగాను. మర్నాడు పొద్దున్న గట్టు ఎక్కి నీకు చేసేలోపు థామస్ గారే చేశారు.

"మీ స్నేహితురాల్ని అడిగానమ్మా, తెలీదని సెప్పింది," అన్నారాయన. ఉద్యోగం వచ్చిందన్న మాట ఆ తరవాత చెప్పారు. అది నా చెవికి సరిగా ఎక్కలేదు. రెండోసారి చెప్పించుకోవాల్సి వచ్చింది.

ఆ మధ్యాహ్నమే నీ పదమూడో తారీఖు ఉత్తరం వచ్చింది. చదివాను. అందులో ఒక వరుసని నువ్వు గోటితో నొక్కి చెరిపేశావు. చుక్కలు అణిగిపోయినా ఎక్కడో కాస్త మిగులుతాయని మనిద్దరికీ తెలుసు. వేలి కొసతో చాలాసేపు వెతికాను. "థామస్ గారు ఫోను చే" అన్నంత వరకు దొరికింది. అంటే చెప్పబోయి మానేశావు. చెప్పనే చెప్పకపోతే ఇంత బాధపడేదాన్ని కాదు.

అందుకే పదిహేడున ఆ అబద్ధం రాశాను. తూచావు అన్నావు. అవును, తూచాను. రోజూ గట్టు మీదకి వెళ్ళి ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాను. నా నెంబరు పలుకుతూనే ఉంది. నువ్వు ఒక్కసారి చేసి ఉంటే నీ పేరు చెప్పి మోగేది. మోగలేదు. ఒక్కోరోజు నీ పేరు దాకా వెళ్ళి నొక్కకుండా వచ్చేశాను. ఎవరి నిజం తెలుసుకోవడానికైనా అబద్ధం రాయడం తప్పే. అది నాకు అప్పుడే తెలుసు. రాశాక రెండు రోజులు నీకంటే నేనేం తక్కువ అనిపించింది.

నీ ఉత్తరాలు రెండూ ఇరవై ఏడున ఒకేసారి అందాయి. మా పోస్టుమాన్ అప్పలసూరికి పెళ్ళి పనులట, నాలుగు రోజుల టపా కలిపి ఇచ్చాడు. ముందు చేతికి తగిలింది శనివారం రాసింది. అది చదివేసరికి, రెండోది దొరికిపోయాక రాసి, పైన పాత తేదీ వేశావనుకున్నాను. అంత దూరం వెళ్ళింది నా మనసు. చదవకుండా పక్కన పడేశాను. మళ్ళీ ఉండబట్టలేక, నన్ను బడిలో దింపేదాకా చెన్నై ప్రయాణం ఆపుకున్న అన్నయ్యని పిలిచి కవరు ఇచ్చాను.

"ముద్ర మీద తేదీ ఏటుందో సూడన్నయ్యా."

"ఎందుకే?"

"సెప్పు ముందు."

కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కాగితం అటూ ఇటూ తిప్పుతున్న చప్పుడు వినిపిస్తోంది. సిరా సరిగా పడలేదన్నాడు. "రాజాం," అన్నాడు. తరవాత, "ఇరవై ఒకటి. మూడో నెల." మళ్ళీ చూడమన్నాను. మళ్ళీ అదే చెప్పాడు.

ఇంకా అయిదు రోజులు నీ చేతిలో ఉండగానే రాశావు. నువ్వు నోరు విప్పకపోతే పోస్టు నీదే అనుకుంటూనే రాశావు. కవరు అప్పుడు చింపి చదివాను.

క్షమించమని అడగనన్నావు. మంచిది. క్షమించానని నేను ఇప్పుడే రాస్తే అది ఇంకో అబద్ధమవుతుంది. ఒక్కోసారి పిల్లలకి అక్షరాలు చెబుతూ చెబుతూ "తెలీదండీ" అన్న నీ గొంతు ఊహించుకుంటాను. వేలు పట్టు తప్పుతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఇక్కడ పెద్ద పిల్లలు పద్నాలుగు మందికి దాతలెవరో టచ్ ఫోన్లు ఇచ్చారు. అన్నీ బీరువాలో ఉన్నాయి. వాటితో ఏం చెయ్యాలో ఎవరికీ తెలియదు, నాకూ సగమే తెలుసు. తెలుగు మెసేజీ వస్తే ఆ ఫోను నోరు మూసుకుంటుంది. దానికి ఏదో చెయ్యాలట. ఇరవై మూడు నుంచి ఆరు వారాలు వేసవి తరగతి పెట్టి నేర్పించాలని మేడమ్ ఆలోచన. ఎవరున్నారని నన్నడిగారు. నీ పేరు చెప్పాను. "ఆ అమ్మాయేనా?" అన్నారు. "ఆ అమ్మాయే," అన్నాను. "నా గదికొచ్చి నిలబడి సెప్పిన మనిషి కదా. రమ్మను," అన్నారు.

ఆరు వారాలే. ఆ తరవాత ఏమిటో నాకు తెలియదు, మాట ఇవ్వలేను. నీ మీద జాలితో పిలవడం లేదు. పిల్లలకి నీ అవసరం ఉంది.

నాకు కోపం పోలేదు. అయినా రా.

నీలవేణి

*

రాజాం
14 ఏప్రిల్ 2018

నీలూ,

నీకు ఉద్యోగం వచ్చినందుకు సంతోషంగా ఉందని రాసి, వేరే కాగితం తీసుకున్నాను. చెరిపితే నువ్వు చదివేస్తావు. సంతోషం ఉంది. దాని పక్కనే ఏడుపు కూడా ఉంది. ఆ పిల్లలకి అక్షరాలు నేను చెప్పాల్సింది కదా అని ఇప్పటికీ రోజుకొకసారి అనిపిస్తుంది. ఇది కూడా నీకు తెలిసి ఉండాలి.

ఆసుపత్రిలో నా బల్ల తీసేశారు. వేసవి తరగతి సంగతి చెబితే అమ్మ, "ఆ పిల్లే పిలిసినాదా?" అని రెండుసార్లు అడిగి, నా బట్టలు సంచీలో సర్దడం మొదలెట్టింది.

తెలుగు చదివే గొంతు ఒకటి ఉంది, ఫోనులో విడిగా ఎక్కించాలి. పద్నాలుగింటికీ ఒక రోజు పడుతుంది. ఛార్జింగు పెట్టి ఉంచమను.

ఇరవై మూడు సోమవారం పొద్దున్న బస్సుకి వస్తున్నాను. బడి దగ్గర దిగేసరికి పదిన్నర అవుతుంది.

ఝాన్సీ